రోజూ మధ్యాహ్నం ఒకే భోజనం: సరిగ్గా అమర్చుకోవడం ఎలా

నేను మధ్యాహ్నం రోజూ ఒకే కొలతల భోజనం తింటానని తెలిసి, "రోజూ ఒకటే తింటే విసుగు రాదా" అని అడిగేవాళ్లు సగం మంది, "ఆ కొలతలు నాకూ రాసి పంపండి" అనేవాళ్లు మిగతా సగం. ఈ రెండో రకం వాళ్లు ఎక్కువైపోయి ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక మొత్తం ఇక్కడ రాసేస్తున్నాను. ఇది విజయవాడ, గుంటూరు వైపు వంటింట్లో దొరికే సరుకుతో, ఆఫీసుకి డబ్బా పట్టుకెళ్లే మనిషిని దృష్టిలో పెట్టుకుని రాసింది. ఓట్స్, కీన్వా, అవకాడో ఇందులో ఉండవు.

1. ఏ పూటో ముందు తేల్చుకోండి

మూడు పూటలా ఒకటే తినాలని మొదలుపెట్టకండి, వారం తిరక్కుండా ఆగిపోతుంది. ఒక్క పూట చాలు, అది మధ్యాహ్నం అయితే మేలు.

ఎందుకంటే మన పొద్దున టిఫిన్‌లో కూరగాయలు దాదాపు ఉండవు. ఇడ్లీ, దోసె, పెసరట్టు, పునుగులు ఏది తీసుకున్నా పిండీ పప్పూ చట్నీయే. రాత్రి భోజనం ఇంటిల్లిపాదిదీ, పిల్లలు అడిగింది వండుతారు, చుట్టాలొస్తే మారిపోతుంది. పూర్తిగా మన చేతిలో ఉండేది మధ్యాహ్నం డబ్బా ఒక్కటే. కాబట్టి రోజుకి కావలసిన ఆకుకూరలు, కూరగాయల్లో ఎక్కువ భాగం ఆ డబ్బాలోనే ఎక్కించేస్తే మిగతా రెండు పూటల గురించి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. ఈ పద్ధతికి ఆధారం ఇదే, కింద చెప్పే కొలతలన్నీ దీన్ని బట్టే వేసినవి.

2. వీళ్లు మాత్రం డాక్టర్ని అడిగాకే

- షుగర్‌కి ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడేవాళ్లు. అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే, మందు డోసు మాత్రం పాతదే ఉంటే, షుగర్ బాగా పడిపోవచ్చు.
- రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వేసుకునేవాళ్లు. ఆకుకూరల్లో విటమిన్ కె ఎక్కువ, ఆకు ఒకరోజు బోలెడు ఒకరోజు సున్నా అయితే మందు లెక్క తప్పుతుంది.
- కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, కిడ్నీలో రాళ్లు వచ్చి పోయినవాళ్లు. పప్పు ఎంత, ఏ ఆకు తినొచ్చు అన్నది వాళ్లకి వేరే లెక్క.
- గర్భిణులు, పాలిచ్చే తల్లులు. ఈ కొలతలు వాళ్లకి చాలవు.

3. కంచాన్ని గ్రాముల్లో రాసుకోండి

"అన్నం కొంచెం, కూర ఎక్కువ" అని నోటితో అనుకుంటే కుదరదు. ఆ కొంచెం మూడో వారానికి మళ్లీ పాత కొంచెమే అయిపోతుంది. ఒక చిన్న కాటా కొనండి, స్టీలు సామాన్ల షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది.

మామూలు ఆఫీసు పని చేసే పెద్దవాళ్లకి ఒక డబ్బాలో:

- బియ్యం 60 గ్రాములు (పచ్చివి, వండాక సుమారు 170 గ్రాముల అన్నం)
- కందిపప్పు లేదా పెసరపప్పు 35 గ్రాములు (పచ్చిది)
- ఆకుకూర 100 గ్రాములు (తుంచి, కాడలు తీసేశాక)
- ఒక కూరగాయ 150 గ్రాములు
- కీరా, క్యారెట్, టమాటా పచ్చిముక్కలు 50 గ్రాములు
- గుడ్డు 1
- పెరుగు 150 గ్రాములు
- నువ్వులు, అవిసెల పొడి 10 గ్రాములు
- నూనె 2 చిన్న చెంచాలు, అంటే 10 గ్రాములు, అన్నింటికీ కలిపి

ఇది మొత్తం సుమారు 700 కేలరీలు, ప్రొటీన్ 28 గ్రాముల దాకా వస్తుంది. ప్రొటీన్ ఎక్కడెక్కడి నుంచంటే పప్పు 8, గుడ్డు 6, పెరుగు 5, అన్నం 4 నుంచి 5, మిగతాది పొడీ ఆకులూ కూరగాయలూ కలిపి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకి 2000 కేలరీల భోజనానికి ఒక నమూనా ఉంది: ధాన్యాలు 250 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ 400, పప్పులు లేదా గుడ్డు, మాంసం 85, పాలు లేదా పెరుగు 300, గింజలూ పలుకులూ 35, నూనె 27, పండ్లు 100. మన డబ్బాని దాని పక్కన పెట్టి చూడండి. ధాన్యంలో పావు వంతే వాడాం, కూరగాయల్లో 300 గ్రాములు లోపలికి వెళ్లిపోయాయి. మిగిలిన ధాన్యం పొద్దున ఇడ్లీకీ రాత్రి అన్నానికీ చపాతీకీ సరిపోతుంది.

గుడ్డు తినని వాళ్లు దాని బదులు 30 గ్రాముల శనగలు గానీ బొబ్బర్లు గానీ నానబెట్టి గుగ్గిళ్లు చేసుకోండి, ప్రొటీన్ సరిపోతుంది, కాకపోతే పిండిపదార్థం కూడా వస్తుంది కాబట్టి బియ్యం 50కి దించండి.

దుంపల గురించి ఒక మాట. బంగాళాదుంప, చామదుంప, కంద, అరటికాయ ఈ నాలుగూ కూర గిన్నెలో ఉన్నా లెక్కలో అన్నం పక్షమే. చామదుంపల వేపుడు చేసుకుని "కూరగాయ తిన్నాను" అనుకోవడం మనకి మనం చెప్పుకునే అబద్ధం.

బియ్యమా, కొర్రలా అని చాలామంది అడుగుతారు. మీకు బీపీటీ (సాంబ మసూరి) అన్నం అలవాటైతే అదే తినండి. 60 గ్రాముల దగ్గర నిలబడగలిగితే బియ్యంతో వచ్చే నష్టం పెద్దగా లేదు. కొర్రలు ఇష్టంగా తినేవాళ్లు తినొచ్చు, కనీసం రెండు గంటలు నానబెట్టాలి. కానీ కొర్రలు ఆరోగ్యం కదా అని రెండింతలు తినేవాళ్లని చాలామందిని చూశాను, అదైతే వద్దు.

4. మారకూడనివి, మారాల్సినవి

మారకూడనిది కొలత. మారాల్సింది ఆకూ, కూరగాయా.

రోజూ పాలకూర పప్పే తింటానంటే ఒప్పుకోను. పాలకూర, తోటకూర, గోంగూర, చుక్కకూరల్లో ఆక్సలేట్లు (కిడ్నీలో రాళ్లకి దారితీసే పదార్థాలు) ఎక్కువ, ఏడాది పొడుగునా అదే ఆకు తింటే రాళ్ల తత్వం ఉన్నవాళ్లకి ఇబ్బంది. పైగా ఒక్కో ఆకులో ఒక్కో పోషకం ఎక్కువ. అందుకే వారానికి ఒక వరుస పెట్టుకోండి, నా వరుస ఇది:

- సోమవారం తోటకూర
- మంగళవారం మెంతికూర
- బుధవారం గోంగూర
- గురువారం బచ్చలికూర
- శుక్రవారం మునగాకు (ఇది మాత్రం 30 గ్రాములు చాలు, ఎక్కువైతే చేదు)
- శనివారం పొన్నగంటి, చుక్కకూర, ఏది తాజాగా ఉంటే అది

కూరగాయకి వరుస అక్కర్లేదు, కాలాన్ని బట్టి పోండి. ఎండాకాలం బీర, సొర, దొండ, దోస. చలికాలం చిక్కుడు, క్యాబేజీ, ముల్లంగి, వంకాయ. బెండకాయ, గోరుచిక్కుడు దాదాపు ఎప్పుడూ ఉంటాయి. రైతుబజార్లో ఆరోజు ఏది కుప్పలుగా పోసి ఉందో అదే కొనండి, చవకా తాజాదీ రెండూ అదే అవుతుంది.

5. సరుకు తెచ్చుకోవడం

కూరగాయలు వారానికి రెండుసార్లు, ఆకుకూరలు వీలైతే మూడుసార్లు. వారానికి సరిపడా ఆకులు ఆదివారమే తెచ్చి ఫ్రిజ్‌లో కుక్కితే గురువారానికి నల్లబడతాయి.

రైతుబజారుకి పొద్దున్నే వెళ్లండి, మే నెలలో అయితే తొమ్మిది దాటాక ఆకుకూర వడలిపోయి నీళ్లు చల్లించుకుని ఉంటుంది. కట్ట విప్పి మధ్యలో చూడండి, పైన పచ్చగా ఉండి లోపల పసుపు రంగు తిరిగినవి చాలా ఉంటాయి. వానాకాలంలో బురద ఎక్కువ కాబట్టి ఉప్పు నీళ్లలో ఒకసారి, మంచినీళ్లలో రెండుసార్లు జాడించాలి.

ఆకులు తెచ్చిన రోజే వేర్లు కోసి, తుంచి, కడక్కుండా, పొడి బట్టలో చుట్టి డబ్బాలో పెట్టండి. కడిగేది వండే పొద్దునే. తడితో పెడితే రెండు రోజులే.

అత్యవసరానికి ఎండు సరుకు ఒక మూలన ఉండాలి: ఎండబెట్టిన మునగాకు పొడి, శనగలు, పెసలు, వేరుశనగలు. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్ వైపంతా మునిగినప్పుడు ఆకుకూర మాట దేవుడెరుగు, పాల ప్యాకెట్టే గగనమైపోయింది. అంత దూరం పోనక్కర్లేదు, నాలుగు రోజులు ముసురు పట్టినా ఇదే పరిస్థితి. అలాంటప్పుడు పప్పులో రెండు చెంచాల మునగాకు పొడి, పక్కన పెసల గుగ్గిళ్లు, అంతే.

6. ఆదివారం గంట పని

అన్నీ ముందే వండి ఫ్రిజ్‌లో పెట్టే పద్ధతి మనకి నప్పదు, వారం పాత పప్పు ఎవరికీ ఎక్కదు. ముందు చేసుకోవాల్సినవి మూడే: పొడి, పప్పు వేయించడం, ఆకులు తుంచడం.

పొడి కొలత: నువ్వులు 100 గ్రాములు, అవిసె గింజలు 50, వేరుశనగలు 50, ఎండుమిర్చి ఐదారు, జీలకర్ర ఒక చెంచా, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, ఉప్పు అర చెంచా. ఒకరికి ఇరవై రోజులు వస్తుంది.

దేనికది విడిగా వేయించాలి, అన్నీ ఒకేసారి మూకుట్లో పోస్తే నువ్వులు మాడతాయి, వేరుశనగలు పచ్చిగా ఉంటాయి. అవిసెలు సన్న సెగ మీద చిటపటలాడి, ఒక గింజ కొరికితే పుటుక్కుమనాలి. జిగురుగా పళ్లకి అంటుకుంటే ఇంకా వేగలేదన్నమాట. పూర్తిగా చల్లారాకే మిక్సీలో వేయండి, అదీ ఆపి ఆపి తిప్పండి. వేడి మీద తిప్పితే నూనె వదిలి పొడి కాస్తా ముద్దవుతుంది. గాజు సీసాలో ఫ్రిజ్‌లో పెట్టాలి, అవిసెల నూనె బయట వేడికి తొందరగా మక్కు వాసన కొడుతుంది.

కందిపప్పు వారానికి సరిపడా దోరగా వేయించి ఉంచుకుంటే పొద్దున పని తగ్గుతుంది, వాసనా బాగుంటుంది.

7. పొద్దున వంట వరుస

ఇంట్లో నలుగురికీ కలిపి వండితే పప్పు 140 గ్రాములు, ఆకు 400 గ్రాములు. వండాక గిన్నెలో బరువు చూసి నాలుగో వంతు తీసుకోండి. కాటా మొదటి వారమే పడుతుంది, ఆ తర్వాత మీ వాటా ఏ గిన్నెలో ఎక్కడి దాకా వస్తుందో గుర్తుపెట్టుకుంటే ఆ గిన్నెనే కొలతగా వాడొచ్చు.

1. లేవగానే, మొహం కడుక్కోకముందే, బియ్యం, పప్పు కడిగి విడివిడిగా నానబెట్టండి.

2. ఆకులు కడిగి తరగండి, కూర ముక్కలు కోయండి.

3. కుక్కర్ కింది గిన్నెలో పప్పు, ఆకు, పచ్చిమిర్చి, ఉల్లిపాయ, పసుపు. పై గిన్నెలో బియ్యం. మూడు నాలుగు విజిల్స్.

4. గోంగూర, చుక్కకూర రోజున మాత్రం ఆకుని పప్పుతో కలిపి పెట్టొద్దు. పులుపు తగిలితే పప్పు ఉడకదు, ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకు పలుకుగానే ఉంటుంది. ఆకుని విడిగా మూకుట్లో మగ్గబెట్టి, కుక్కర్ ఆవిరి పోయాక మెదిపిన పప్పులో కలపండి. చింతపండు, టమాటా కూడా అంతే, తర్వాతే. ఆకుకూర పప్పు కుదరలేదని వాపోయేవాళ్లలో చాలామంది తప్పేది ఇక్కడే.

5. కుక్కర్ కూస్తుండగా పక్క పొయ్యి మీద కూర. మూకుట్లో ముక్కలు, చిటికెడు పసుపు, రెండు చెంచాల నీళ్లు, మూత. బీర, సొరలకి నీళ్లు కూడా అక్కర్లేదు. బెండకాయకి మాత్రం మూతా వద్దు నీళ్లూ వద్దు, జిగురు పట్టుకుంటుంది.

6. తాలింపు ఒక్కటే పెట్టండి, రెండింటికీ. మనిషికి రెండు చిన్న చెంచాల చొప్పున నూనె కొలిచి పోసి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, కరివేపాకు వేగాక సగం పప్పులో, సగం కూరలో. విడివిడిగా పెడితే చెయ్యి జారి ప్రతిసారీ గరిటెడు పడుతుంది.

అలవాటైతే మొత్తం నలభై నిమిషాల పని, అందులో సగం కుక్కర్‌దే.

8. డబ్బా కట్టడం, ముఖ్యంగా ఎండల్లో

ఏప్రిల్, మే నెలల్లో విజయవాడ, గుంటూరుల్లో వేడి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. డబ్బా బండి డిక్కీలో పెట్టి మధ్యాహ్నం దాకా వదిలేస్తే తినొద్దు, వాసన రాకపోయినా సరే. చెడిన అన్నం చాలాసార్లు వాసన రాదు.

- వేడిని పట్టి ఉంచే డబ్బా అయితే పొగలు కక్కుతుండగానే పెట్టి మూత బిగించండి. మామూలు స్టీలు డబ్బా అయితే కాస్త ఆరనిచ్చి పెట్టి, ఆఫీసుకి వెళ్లగానే ఫ్రిజ్‌లో పెట్టండి.
- ఎండాకాలంలో గుడ్డు డబ్బాలో వద్దు. పొద్దున టిఫిన్‌తోనే తినేయండి, లెక్కలో మాత్రం ఉంచుకోండి.
- పెరుగు పులిసిపోతోందా? పెరుగు బదులు గోరువెచ్చని పాలు 150 గ్రాములు చిన్న గిన్నెలో పోసి, అర చెంచా పెరుగు తోడు వేసి, మూత గట్టిగా బిగించి పట్టుకెళ్లండి. ఆ వేడికి ఒంటిగంటకల్లా కమ్మగా తోడుకుంటుంది. చలికాలంలో ఈ పని జరగదు, అప్పుడు పెరుగే నయం.
- పచ్చిముక్కలకి ఉప్పు తినేముందే. ముందు చల్లితే నీరోడి పోతుంది.
- నిమ్మచెక్క ఒకటి పెట్టుకోండి. ఆకుల్లో, పప్పులో ఉన్న ఇనుము ఒంటబట్టడానికి నిమ్మ సాయం చేస్తుంది, తిన్న వెంటనే తాగే టీ దాన్ని చెడగొడుతుంది. టీకి గంట ఆగండి.

9. ఎక్కువగా జరిగే తప్పులు, దిద్దుకునే దారి

ఊరగాయ. కొలతలన్నీ బాగా పెట్టి, చివర్లో ఆవకాయ రెండు చెంచాలు, దాని మీద నెయ్యి. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములు మించొద్దని సలహా, అంటే చదునుగా ఒక చిన్న చెంచా. ఊరగాయతో పాటు పప్పులో, కూరలో, పొడిలో ఉప్పు కలిస్తే మధ్యాహ్నానికే అది దాటిపోతుంది. గుంటూరు మనిషిని ఊరగాయ మానమని చెప్పేంత ధైర్యం నాకు లేదు. వారంలో రెండు రోజులు పెట్టుకోండి, ఆ రోజుల్లో పొడి మానేసి, కూరలో ఉప్పు సగం వేయండి.

నాలుగింటికి ఆకలి. అన్నం పెంచకండి. పప్పు 35 నుంచి 50కి పెంచి చూడండి. చాలామందికి దీనితోనే మిర్చిబజ్జీ బండి దగ్గర ఆగాల్సిన అవసరం పోతుంది.

కడుపు ఉబ్బరం. ఎప్పుడూ తినని మనిషి ఒక్కసారిగా 300 గ్రాముల ఆకూ కూరా తింటే ఇదే జరుగుతుంది. మొదటి వారం సగం కొలతతో మొదలుపెట్టండి, నీళ్లు బాగా తాగండి. గుగ్గిళ్లకి శనగలు ఎనిమిది గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లతో ఉడికించండి.

విసుగు. విసుగు పుట్టేది పదార్థం మీద కాదు, రుచి ఒకేలా ఉండటం మీద. సోమవారం పప్పుకి వెల్లుల్లి తాలింపు, మంగళవారం ఇంగువ, బుధవారం గోంగూర పులుపే చాలు. కూరలో ఒకరోజు కొబ్బరికారం, ఒకరోజు ఆవపెట్టి, ఒకరోజు ఉత్త మిరియాల పొడి. కొలత ఒక్క గ్రాము మారదు.

వేపుడు. దొండకాయ వేపుడు, బెండకాయ వేపుడు నూనె తాగుతాయి, రెండు చెంచాలతో అవ్వవు. ఆదివారానికి ఉంచుకోండి.

10. పెళ్లిళ్లు, కార్తీకం, ఇంట్లో పెద్దవాళ్లు

శ్రావణంలో పెళ్లి భోజనాలు, కార్తీకంలో వనభోజనాలు వస్తాయి, వెళ్లండి, కడుపునిండా తినండి. మధ్యాహ్నం అక్కడ తింటే ఆ రాత్రికి డబ్బా భోజనం ఇంట్లో తినండి, అంతేగానీ మర్నాడు ఉపవాసం ఉండి సర్దుకోవాలని చూడొద్దు.

ఇంట్లో అమ్మో అత్తగారో "ఇంత అన్నంతో ఏం బతుకుతావురా" అంటారు. వాదన పెట్టుకోవద్దు. రాత్రి పూట వాళ్లు వడ్డించింది వడ్డించినట్టు తినండి, పగలు మీ డబ్బా మీది. పప్పు, ఆకుకూర, పెరుగు ఉన్న భోజనాన్ని మన పెద్దవాళ్లు ఎక్కువ రోజులు తప్పుపట్టలేరు, వాళ్ల గొడవంతా అన్నం కొలత మీదే.

11. ఎప్పుడు మార్చాలి

నెల రోజులయ్యాక నడుము చుట్టుకొలత, బరువు చూసుకోండి. రోజూ కాటా ఎక్కొద్దు.

- బరువు తగ్గాలని లేకపోయినా తగ్గుతుంటే బియ్యం 20 గ్రాములు, వేరుశనగలు 10 గ్రాములు పెంచండి.
- పొలం పని, కూలి పని, జిమ్ ఉన్నవాళ్లకి 60 గ్రాముల బియ్యం చాలదు, 90 నుంచి 100 దాకా వెళ్లండి, పప్పు కూడా 50 చేయండి.
- నీరసం తగ్గకపోతే డబ్బా మార్చేముందు హిమోగ్లోబిన్, బి12 పరీక్ష చేయించండి. బి12 ఆకుల్లో, పప్పుల్లో ఉండదు, శాకాహారులకి పాలూ పెరుగే దిక్కు, వాళ్లలో కొందరికి అవి కూడా చాలవు.

ఏ మార్పైనా ఒకసారికి ఒకటే చేసి, రెండు వారాలు ఆగి చూడండి. బియ్యం తగ్గించి, పప్పు పెంచి, పెరుగు మానేసి మూడూ ఒకే రోజు చేస్తే, ఒంట్లో తేడా కనిపించినా దేనివల్ల వచ్చిందో పట్టుకోలేరు.